తోక మీద నంబరు

ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి. అందుకే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకి చోటు దొరుకుతుంది. ఇంజనీరింగ్ గైడ్లు, రీడర్స్ డైజెస్టులు, ఎవరో పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లు తూకానికి అమ్మేసిన సోవియట్ అనువాదాలు. ఆ కుప్పల్లో అప్పుడప్పుడూ యుద్ధవిమానాల పుస్తకాలు కూడా తగులుతుంటాయి. 1909లో మొదలైన జేన్స్ వార్షిక సంపుటాల్లాంటివి. ఏ దేశం దగ్గర ఏ విమానం ఉంది, రెక్క పొడవెంత, ఇంజన్ ఎవరిది, ఎంత బరువు మోస్తుంది, అన్నీ ఫొటోలతో సహా ఉంటాయి. అమ్మేవాడు పుస్తకం మందం చూసి రేటు చెప్తాడు. మనం కొంచెం తగ్గించమంటాం. ఎవరూ గుర్తింపు కార్డు అడగరు.

అదే పుస్తకం చదివినవాడు మర్నాడు ఒక ఎయిర్‌ఫీల్డ్ గోడ బయట నిలబడి, అందులో చూసిన విమానాన్ని కళ్లారా చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటే మాత్రం సంగతి మారిపోతుంది. సమాచారం దాదాపు అదే, మనిషీ అతనే. మరి మధ్యలో మారింది ఏమిటి? కొన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఈ హాబీకి తెలుగులో పేరు లేదు. బయట ప్లేన్ స్పాటింగ్ అంటారు. మన ఇళ్లల్లో "వీడికి విమానాల పిచ్చి" అంటారు. చేసేది చాలా చిన్న పని. శబ్దం వినపడగానే తలెత్తడం, అది ఏ రకమో పోల్చుకోవడం, తోక దగ్గర రాసిన నంబరు చదవడం, తేదీ వేసి రాసుకోవడం. స్తోమత ఉన్నవాళ్లు పొడుగు లెన్సు కొనుక్కుని ఫొటోలు తీస్తారు. పక్షుల్ని చూసేవాళ్లకి, రైలింజన్ల నంబర్లు రాసుకునేవాళ్లకి మేం దూరపు చుట్టాలం. నిజానికి ఈ అలవాటు పెరగడంలో ప్రభుత్వాలకీ చెయ్యి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వం మామూలు జనాన్నే అబ్జర్వర్ కోర్‌లో చేర్చుకుని, నీడ చూసి ఏది మన విమానం, ఏది శత్రువుదో చెప్పడం నేర్పింది. 1941లో అందుకోసమే 'ది ఏరోప్లేన్ స్పాటర్' అని ఒక పత్రిక మొదలైంది. యుద్ధం అయిపోయింది, జనానికి తలెత్తి చూసే అలవాటు మిగిలిపోయింది.

మన భాషలో చూపుకీ వేగుకీ ఉన్న చుట్టరికం కూడా పాతదే. రాజుని చారచక్షువు అన్నారు. వేగులే కళ్లుగా ఉన్నవాడు అని. ఆ మాటలోనే ఒక ఏర్పాటు ఉంది. దూరం నుంచి, పేరు చెప్పకుండా, ఓపిగ్గా చూసే చూపు రాజుది. అలా ఇంకొకడు చూస్తే వాడు పరాయి రాజు మనిషి అయి ఉండాలి. ఊరికే చూసేవాడికి ఆ లెక్కలో చోటు లేదు.

హైదరాబాద్ ఆకాశం ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లకి బాగా కలిసొచ్చిన ఆకాశం. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అక్కడ 2013 నుంచి క్యాడెట్లు పిలాటస్ పీసీ-7ల మీద నేర్చుకుంటున్నారు. హకీంపేటలో ఏళ్ల తరబడి కిరణ్ జెట్లు, చేతక్ హెలికాప్టర్లు. రాష్ట్రపతి బొల్లారం నిలయానికి వస్తే తరచూ దిగేది కూడా హకీంపేటలోనే. 2008 మార్చిలో మామూలు విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాక బేగంపేట రన్‌వే దాదాపుగా ప్రభుత్వానికీ, వాయుసేనకీ మిగిలింది. ఇవేవీ రహస్యాలు కావు, స్కూలు పిల్లలకి కూడా తెలుసు.

పైగా యుద్ధవిమానం తనను దాచుకోవడానికి మాత్రమే పుట్టిన వస్తువు కాదు. కనపడటం కూడా దాని ఉద్యోగంలో భాగం. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొన్నారు. దాని పేరులోనే హైదరాబాద్ చేరింది, ఆ విమానాల మీద ఈ సంగతి రాయించారు కూడా. అబిడ్స్ నుంచి నాలుగు అడుగులేస్తే వచ్చే కింగ్ కోఠీలో ఉండే ఆ మనిషి, తన ఊరిపేరు ఫ్రాన్స్ ఆకాశంలో కనపడాలనుకున్నాడు. 2024 డిసెంబర్ 8న హుస్సేన్‌సాగర్ మీద సూర్యకిరణ్ బృందం విన్యాసాలు చేసినప్పుడు ట్యాంక్‌బండ్ జనంతో నిండిపోయింది. ప్రతి చేతిలోనూ ఫోను. ఆ రోజు ఆ చూపు దేశభక్తి. ఇంకో రోజు, ఇంకో గోడ బయట, అదే ఫోను అనుమానం. రాజ్యం తాను చూపించదలుచుకున్నప్పుడు చూడమంటుంది. స్పాటర్ తనకి వీలైనప్పుడు చూస్తాడు. గొడవంతా ఇక్కడే.

చట్టం ఏమంటుందో చూద్దాం. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది. బ్రిటిష్ వాళ్లు తమ కోసం రాసుకున్నది, మనం ఉంచుకున్నాం. అందులో 3వ సెక్షన్ గూఢచర్యం గురించి. నిషిద్ధ ప్రదేశాన్ని సమీపించడం, పరిశీలించడం, దాని చుట్టుపక్కల ఉండటం, దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశంతో చేస్తే నేరం. శత్రువుకి పనికొచ్చే స్కెచ్, ప్లాన్, నోట్ తయారు చేయడం కూడా అంతే. రక్షణ సంస్థలకి సంబంధించినదైతే శిక్ష 14 ఏళ్ల వరకూ. ఇవి కాక 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నిబంధన ఉంది. అది అనుమతి లేకుండా ప్రభుత్వ విమానాశ్రయాల్లో ఫొటోలు తీయడాన్ని నిషేధిస్తుంది. మొదటిదానిలో అసలు కీలకం 'ఉద్దేశం' అనే మాట. నోట్‌బుక్‌లో నంబర్లుంటాయి, ఉద్దేశం ఎక్కడా రాసి ఉండదు. దాన్ని బయటివాళ్లు ఊహించుకోవాలి.

ఆ ఊహ ఎలా ఉంటుందో 2001 నవంబర్‌లో గ్రీస్‌లో తెలిసింది. కలమాటా వైమానిక స్థావరంలో ప్రజల్ని లోపలికి రానిచ్చే రోజున వెళ్లిన 12 మంది బ్రిటిషర్లనీ, ఇద్దరు డచ్ వాళ్లనీ గూఢచర్యం కింద అరెస్టు చేశారు. మరుసటి ఏప్రిల్‌లో కింది కోర్టు శిక్షలు వేసింది, నవంబర్‌లో పై కోర్టు కొట్టేసింది. ఏడాది పాటు వాళ్ల లాయర్లు చేసిన పనిలో పెద్ద భాగం, ఇలాంటి హాబీ ఒకటి లోకంలో నిజంగానే ఉందని నమ్మించడం. మన దగ్గర 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరి హోటల్ గదిలోంచి విమానాల మాటలు వింటున్న ఇద్దరు బ్రిటిషర్లు పట్టుబడ్డారు. 26/11 జరిగి ఏడాదిన్నర కూడా కాని రోజులవి. చివరికి చిన్న నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి ఇంటికి వెళ్లారు.

ఈ కథలు వినగానే మావాళ్లు నవ్వుతారు. పోలీసులకి ఏం తెలుసు అంటారు. ఆ నవ్వుతో నాకు పేచీ ఉంది. నేరమా కాదా అన్నది ఒక ప్రశ్న, తప్పా కాదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది కోర్టు తేలుస్తుంది. రెండోదాన్ని ఎవరికి వాళ్లం తేల్చుకోవాలి, దానికి మేం చెప్పుకునే జవాబులు అంత గట్టివి కావు.

మొదటి జవాబు, "అంతా బహిరంగమే కదా." రోడ్డు మీంచి కనపడుతోంది, కనపడేదాన్ని చూస్తే తప్పేంటి అని. రెండో జవాబు, "శత్రువు దగ్గర శాటిలైట్లు ఉన్నాయి, నా కెమెరాతో వాడికేం పని?" అని. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడికి మొదటిది వినగానే నవ్వు రావాలి. సర్వర్ లాగ్‌లో ఒక లైను ఏమీ చెప్పదు. లక్ష లైన్లు కలిపితే ఒక మనిషి ఎప్పుడు నిద్రపోతాడో, ఎప్పుడు ఉద్యోగం మానేయబోతున్నాడో చెప్పేస్తాయి. మా ఉద్యోగాల్లో సగం ఆ కలపడం మీదే నడుస్తున్నాయి. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామం యాప్ మ్యాప్ సంగతి గుర్తుందా? జనం పరుగెత్తిన దారులన్నీ కలిపి ఆ కంపెనీ ఒక ప్రపంచపటం వేసి గర్వంగా బయట పెట్టింది. ఎడారి మధ్యలో, చీకట్లో, కొన్ని చిన్న వెలుగు గీతలు. అవి సైనిక స్థావరాల్లో జాగింగ్ చేసిన సైనికులవి. ఏ ఒక్క సైనికుడూ రహస్యం చెప్పలేదు, రోజూ పరుగెత్తాడంతే. విడివిడిగా అమాయకమైనవి కలిస్తే అమాయకంగా మిగలవు.

శాటిలైట్ వాదమూ నిలబడదు. చాలా శాటిలైట్లు తమ కక్ష్యలో ఒక వేళకి వచ్చి పోతాయి, మబ్బు పడితే మామూలు కెమెరాకి ఏమీ కనపడదు. గోడ పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషికి మబ్బుతో పని లేదు. ఇంజన్ శబ్దం మారితే అతనికి తెలుస్తుంది. సామాన్యుడి కన్ను చవక, దానికి పరికరాలు అక్కర్లేదు. అందుకే గూఢచారి సంస్థలు ఇంతకాలమైనా మనుషుల్ని వదల్లేదు.

మనుషుల్ని ఎలా పట్టుకుంటాయో మనకి దగ్గర్లోనే తెలిసింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు, కేంద్ర సంస్థలు కలిసి విశాఖపట్నం కేంద్రంగా నడిపిన కేసుకి అక్కడి కొండ పేరే పెట్టారు, ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని. ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయమై, నౌకల కదలికలు రాబట్టారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. 2022 జూన్‌లో హైదరాబాద్‌లోనే, క్షిపణి పరిశోధనాలయంలో కాంట్రాక్టు ఉద్యోగి ఒకర్ని దాదాపు ఇలాంటి ఆరోపణ మీదే పట్టుకున్నారు. వీళ్లెవరూ గోడ బయట నిలబడ్డవాళ్లు కారు, గోడ లోపలివాళ్లు. ఇది చూపించి స్పాటర్లు "చూశారా, మేం కాదు" అనొచ్చు. నేను ఇందులోంచి ఇంకో సంగతి తీసుకుంటాను. వల ఎప్పుడూ స్నేహంలా మొదలవుతుంది. విమానాల పిచ్చి ఉన్న ఒంటరి కుర్రాడికి, అదే పిచ్చి ఉందని చెప్పుకునే విదేశీ మిత్రుడు దొరకడం కన్నా సంతోషం ఏముంటుంది? "ఈరోజు మీ ఊళ్లో ఏం దిగింది?" అని అడిగితే, ఆ ప్రశ్నలో తేడా ఎక్కడుంది?

తేడా 'ఈరోజు' అన్న మాటలో ఉంది.

2008 నవంబర్‌లో ముంబయిలో కమాండోలు హెలికాప్టర్ నుంచి నారిమన్ హౌస్ మీదికి దిగడాన్ని టీవీలు లైవ్‌లో చూపించాయి. 2012లో కసబ్ అప్పీలు మీద తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు ఆ ప్రసారాల్ని గట్టిగా తప్పుపట్టింది. ఎక్కడో కూర్చుని దాడి నడిపిస్తున్నవాళ్లు అదే టీవీ చూస్తున్నారు మరి. ఇప్పుడు ఆ దృశ్యాలు ఎవరైనా చూడొచ్చు, వాటి మీద సినిమాలు తీశారు, సిరీస్‌లు తీశారు. అదే హెలికాప్టర్, అదే మేడ. ఆ గంటలో అది ప్రాణాలు తీయగల సమాచారం, ఇప్పుడు చరిత్ర. మధ్యలో గడిచింది కాలం మాత్రమే. 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ రక్షణ చర్యల్ని ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని ఛానెళ్లకి చెప్పినప్పుడు కూడా నొక్కింది ఈ 'ప్రత్యక్షం' మీదే.

నా వృత్తిలో దీనికి ఒక నియమం ఉంది. ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనైనా భద్రతా లోపం కనిపిస్తే, కనిపెట్టినవాడు వెంటనే ఊరంతా చాటడు. ముందు తయారుచేసినవాళ్లకి చెప్తాడు, సరిచేసుకోవడానికి గడువు ఇస్తాడు, ఆ తర్వాత బయట పెడతాడు. 2014లో మొదలైన గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు ఆ గడువుని 90 రోజులన్నారు. ఈ నియమంలో నాకు నచ్చేది అది రెండువైపులా కోయడం. గడువు లోపల చెప్పకూడదు, నిజమే. గడువు దాటాక కంపెనీ ఎంత మొత్తుకున్నా చెప్తారు. దాచడమూ కాలానికి లోబడే ఉంటుంది, చెప్పడమూ కాలానికి లోబడే ఉంటుంది.

స్పాటర్‌కి కూడా ఇదే నియమం సరిపోతుందని నా వాదన. చూడటం తప్పు కాదు. రాసుకోవడమూ తప్పు కాదు. ఎప్పుడు, ఎవరికి చెప్తావన్న దగ్గర నైతిక ప్రశ్న మొదలవుతుంది. ఇవాళ్టి నంబరు ఇవాళే అందరికీ చెప్పేవాడు, తనకి తెలియకుండానే ఎవరి కోసమో పనిచేస్తున్నాడు. అదే నంబరు ఏడాది తర్వాత చెప్పేవాడు చరిత్రకారుడికి గుమస్తా.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాటేయడం కుదరదు. ఆలస్యంగా చెప్పినా అలవాట్లు బయటపడతాయి కదా? ఫలానా రవాణా విమానం ప్రతి మంగళవారం వస్తుందని పోయినేడాది లాగ్ చూస్తే తెలిస్తే, వచ్చే మంగళవారం కూడా తెలిసినట్టే. నిజమే. అందుకే కాలం ఒక్కటీ చాలదు. 'ఈ విమానం ఫలానా రోజున ఇక్కడ ఉంది' అనేది గతం గురించిన వాక్యం. 'ఇది ఎప్పుడెప్పుడు వస్తుంది' అనేది భవిష్యత్తు గురించిన వాక్యం. మొదటిది రాసి, రెండోది రాయకుండా ఉండటం కుదిరే పనే. దుండిగల్ మీద చక్కర్లు కొట్టే శిక్షణ విమానం వేరు, సరిహద్దు దగ్గర యుద్ధ స్థావరం వేరు అని గుర్తుపెట్టుకోవడం కూడా. తెలివి ఉన్నవాడికి ఈ గీతలు కనపడతాయి. కష్టమల్లా, పక్కవాడి కన్నా ముందు ఫొటో పెట్టాలనే దురదని ఆపుకోవడం.

ఇంత జాగ్రత్త ఎందుకు, అసలు చూడటమే మానేస్తే పోదా అని అడగొచ్చు. కొందరు మిత్రులు అడిగారు కూడా. మానేస్తే ఏం పోతుందో చెప్తాను.

2004 జనవరిలో స్పెయిన్‌లోని పాల్మా విమానాశ్రయంలో ఒక స్పాటర్ ఓ తెల్ల బోయింగ్ 737ని ఫొటో తీశాడు. ఎన్313పీ అని నంబరు. అతనికది మామూలు సంగ్రహంలో ఒకటి. తర్వాత తేలిందేమిటంటే, మాసిడోనియాలో పట్టుకున్న ఖాలెద్ అల్ మస్రీ అనే జర్మన్ పౌరుణ్ణి సీఐఏ స్కోప్యే నుంచి అఫ్ఘానిస్తాన్ జైలుకి తీసుకెళ్లింది ఆ విమానంలోనే. అతను చేసిన నేరమేమీ లేదు, ఎవరో అనుకుని పట్టుకున్నారు. అలాంటి రహస్య ప్రయాణాల గుట్టు బయటికి తీసినవాళ్లకి స్పాటర్ల ఫొటోలు, నోట్‌బుక్కులు ఆధారాల్లో ఒకటయ్యాయి. 2012 డిసెంబర్‌లో యూరోపియన్ మానవహక్కుల కోర్టు అల్ మస్రీ పక్షాన తీర్పిచ్చింది. దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఫొటో తీసిన రోజునే బయటికి రావాల్సిన అవసరం లేకపోయింది. న్యాయానికి ఆలస్యంగా వచ్చిన సాక్ష్యమైనా పనికొస్తుంది. దాడి చేసేవాడికి ఆలస్యం పనికిరాదు. ఆలస్యమనే జల్లెడలో మంచి చాలావరకు మిగులుతుంది, చెడు చాలావరకు రాలిపోతుంది. నా నియమానికి నాకు దొరికిన అతి పెద్ద సమర్థన ఇదే.

దగ్గరి ఉదాహరణా ఉంది. 1965 యుద్ధం మీద రక్షణ శాఖ రాయించిన అధికారిక చరిత్ర 1990ల మొదట్లోనే పూర్తయినా అచ్చు కాలేదు. 2000లో ఒక ఇంగ్లిష్ దినపత్రిక తన వెబ్‌సైట్‌లో పెట్టేస్తేనే జనం చదివారు. ఆ యుద్ధంలో వాయుసేన చేసినదాని మీద 2005లో వచ్చిన పెద్ద పుస్తకం పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రా రాసింది. మొదటాయన ఇంటిపేరు పిళ్లారిశెట్టి. మన వాయుసేన విమానాల వివరాల్ని ఓపిగ్గా పోగుచేసిన ఔత్సాహికుడు. రెండో ఆయన న్యూయార్క్‌లో ఫిలాసఫీ చెప్పినవాడు. ఇద్దరూ సైనిక చరిత్ర ఉద్యోగంగా చేసినవాళ్లు కారు. పైలట్లని వెతికి మాట్లాడి, ఏ రోజున ఏ విమానం వెళ్లింది, ఏది తిరిగి రాలేదు అని ఒక్కొక్కటే పేర్చారు. 2013లో ఇద్దరూ 1971 మీదా రాశారు. తిరిగి రాని విమానానికి ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు వెనక ఒక మనిషి. ప్రభుత్వం చెప్పని చోట, ఆ మనిషి ఏమయ్యాడో అతని పిల్లలకి చెప్పగలిగేది చాలాసార్లు ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లే.

ఇంకో కారణం మరీ దగ్గరిది. 2010 మార్చి 3న బేగంపేటలో విమాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళ కిరణ్ ఒకటి న్యూ బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు పోయారు. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ తూప్రాన్ దగ్గర కూలి ఇంకో ఇద్దరు. ఆకాశం వాయుసేనదే కావచ్చు, కింద ఊళ్లు మనవి. పైన ఏం ఎగురుతోందో తెలుసుకోవాలనే కుతూహలానికి ఇంతకన్నా సంజాయిషీ అక్కర్లేదనుకుంటాను.

అయితే చూపు ఎవరి కోసం అన్నది కాలంతో పాటు తిరగబడుతుంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకి ఆయుధాలు చేరవేశాడు. బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డుల్లో దిగేవి. ఈ కాటన్ ఇంకెవరో కాదు, 1939లో తన లాక్‌హీడ్ విమానంలో దొంగ కెమెరాలు పెట్టుకుని జర్మన్ స్థావరాల్ని ఫొటోలు తీసిన మొనగాడు. ఊహించండి. ఆ రోజుల్లో వరంగల్ దగ్గర ఓ రైతు రాత్రిళ్లు విమానాల చప్పుడు విని, గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నాడనుకోండి. ఆగస్టులో అతను నిజాం ప్రభుత్వానికి ద్రోహి. సెప్టెంబర్ 17 తర్వాత అవే గీతలు దేశసేవ. గీతలు మారలేదు, వాటిని చదివే ప్రభుత్వం మారింది. కాబట్టి ఉద్దేశాన్ని తేల్చే పని ఆ రోజుటి ప్రభుత్వం చేతిలో పూర్తిగా పెట్టడం నాకు భయంగానే ఉంటుంది.

ఆ భయం నా ఒక్కడి విషయంలో ఊహ మాత్రమే. నా మిత్రుడొకడి విషయంలో కాదు. అతనిది నాంపల్లి, స్టేషన్ వెనక గల్లీ. వాళ్ల నాన్న జగదీష్ మార్కెట్లో ఫోన్లు రిపేరు చేస్తాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న. విమానాల విషయంలో మాత్రం నాకు గురువు. శబ్దం విని ఇంజన్ చెప్తాడు. మేం కలిసింది ఆ అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే, ఇద్దరం ఒకే పుస్తకం మీద చెయ్యి వేసి. ఒకసారి ఇద్దరం కలిసి ఊరి శివారులో ఒక పబ్లిక్ రోడ్డు మీద నిలబడ్డాం. ఏ రోడ్డో చెప్పను. ఒకే కంపెనీ కెమెరాలు, ఒకే లెన్సు. డ్యూటీలో ఉన్నతను వచ్చి నాతో "సార్, ఇక్కడ ఫొటోలు వద్దండి, వెళ్లిపోండి" అన్నాడు. అతని వైపు తిరిగి, "నీ పేరేంది?" అన్నాడు. పేరు చెప్పాక ఆధార్, ఆ తర్వాత ఫోను, ఫోన్లో ఉన్న నంబర్లు, వాళ్లెవరు, వీళ్లెవరు. నలభై నిమిషాలు. నా ఫోను ఎవరూ అడగలేదు.

తర్వాత స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ నా ఆలస్యం సిద్ధాంతం అతనికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మంచిగనే ఉందన్నా. కానీ నీ నియమం ఫొటో పెట్టినంక మొదలైతది. నన్ను ఆపేది నేను కెమెరా తీసినప్పుడే."

"అది అతని తప్పు భాయ్, చట్టం తప్పు కాదు కదా" అన్నాను.

"నీకైతే హాబీ అన్నా. నాకైతే కేసు" అన్నాడు. కోపంగా కాదు, బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ.

ఇంటికెళ్లి ఆ 3వ సెక్షన్ రెండో భాగం మళ్లీ చదివాను. నిందితుడు ఫలానా పని చేశాడని ప్రత్యేకంగా రుజువు చేయక్కర్లేదట. సందర్భాన్ని బట్టీ, నడవడిని బట్టీ, తెలిసిన అతని స్వభావాన్ని బట్టీ ఉద్దేశం హానికరమని తోస్తే చాలు. స్వభావం అనే మాట 1923లో ఎవరు ఎవరి గురించి రాశారో ఆలోచించండి. నా స్వభావం నా కంపెనీ ఐడీ కార్డు, నా పేరు, నేను మాట్లాడే ఇంగ్లిష్. అవి నా మెడలో వేలాడుతుంటాయి. అతని స్వభావం కూడా అతని పేరే. అది అతను ఎంచుకున్నది కాదు, అయినా ముందే రాసి ఉంటుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టులు వాళ్లింటికి నడిచి వెళ్లేంత దూరం. చిన్నప్పటి నుంచీ ఆ గేటు ముందు గుమిగూడే కుటుంబాల్ని చూస్తూ పెరిగినవాడు. నిర్దోషి అని తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో అతనికి నేను చెప్పాలా?

అప్పటి నుంచీ నేను ఈ ప్రశ్నని వేరేగా అడుగుతున్నాను. స్పాటింగ్ నైతికమా కాదా అని కాదు. ఒకే పని ఇద్దరు చేస్తే ఒకరికి కుతూహలం అనీ, ఇంకొకరికి ఉద్దేశం అనీ పేరు పెట్టే చోట, నా కుతూహలం ఎంత స్వచ్ఛం? నన్ను వదిలేస్తున్నది నా నిర్దోషిత్వం చూసి కాదు, నా పేరు చూసి. భద్రత కోణంలో చూసినా ఇది మూర్ఖత్వమే. విశాఖలో దొరికినవాళ్లు యూనిఫాం వేసుకున్నవాళ్లు, హైదరాబాద్‌లో దొరికినవాడు లోపలికి పాస్ ఉన్నవాడు. పేరు చూసి వదిలేసే కాపలా, వదిలేయకూడనివాళ్లని కూడా వదిలేస్తుంది.

గన్‌ఫౌండ్రీ దగ్గర బస్సు దిగి అబిడ్స్ వైపు నడిచేవాళ్లలో ఎంతమంది ఆ పేరు గురించి ఆలోచిస్తారో తెలీదు. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి వాడు రేమండ్ నిజాం కోసం అక్కడ ఫిరంగులు పోయించాడు. ఎన్ని పోస్తున్నారో లెక్క తెలియడం అప్పటి బ్రిటిష్ రెసిడెంట్‌కి ఎంత విలువైనదో ఊహించవచ్చు. 1798లో ఆ ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేయించే వరకూ వాళ్లకి నిద్ర పట్టలేదు. ఇప్పుడది శిథిలం, ఎవరైనా వెళ్లి ఫొటో తీసుకోవచ్చు. ప్రతి రహస్యానికీ గడువు ఉంటుంది. ప్రభుత్వం చేయాల్సిన మర్యాదైన పని, ఆ గడువు ఎంతో, ఆ గోడకి ఎంత దూరంలో నిలబడొచ్చో, అందరికీ ఒకేలా బోర్డు మీద రాసి పెట్టడం. రోడ్డు మీద ఉన్నవాడి విచక్షణకి వదిలేస్తే ఆ విచక్షణ ఎవరి మీద పడుతుందో చూశాం.

స్పాటర్లు చేయాల్సింది గడువు పాటించడం. నేను పాటిస్తున్నాను, ఏడాది లోపలి నంబరు ఎవరికీ చెప్పను. నా మిత్రుడికి ఆ వెసులుబాటు కూడా లేదు. అతను కెమెరా ఇంట్లో పెట్టేశాడు. ఇప్పుడు డాబా మీద కూర్చుని విని చెప్తాడు, నేను ఫోన్‌లో చూసి అవునో కాదో చెప్తాను. చాలాసార్లు అతనే కరెక్టు. ఈ దేశం విమానాల్ని ఇంత ప్రేమగా గుర్తుపట్టగలిగేవాడు, వాటి వైపు తలెత్తడానికి ముందు చుట్టూ చూసుకోవాల్సి రావడం ఏ భద్రత కిందికి వస్తుందో నాకు ఎవరైనా చెప్తే వింటాను.